టీచరమ్మను ఊరు దాటించిన రోజు

మొన్న శనివారం ప్రసన్న వాళ్ళ కొత్తింటి ప్రార్థనకు వెళ్ళాను. ప్రసన్న, వాళ్ళాయన వినయ్ ఇద్దరూ ఇక్కడ ఐర్లండులో, డబ్లిన్ పక్కనున్న చెర్రీవుడ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఆఫీసుకు దూరమైనా సొంత ఇల్లంటూ ఒకటి ఉండాలని నేస్ ఊరు దాటాక వెలిసిన ఒక ఇళ్ళ ఎస్టేట్‌లో కొనుక్కున్నారు. మా అమ్మాయి స్నేహ కారు నడుపుతోంది. పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరగగానే పాత రాతి స్తంభాలు రెండు కనిపించాయి. గేటు లేదు, స్తంభాలే మిగిలాయి. నా చెయ్యి దానంతటదే వెళ్ళి స్నేహ భుజం మీద పడింది. "యూ గ్రాండ్, మ్యామ్?" అంది అది, ఇక్కడ పెరిగిన పిల్లల యాసలో, బాగానే ఉన్నావా అన్నట్టు. బాగానే ఉన్నాను, పోనీ, అన్నాను. కానీ ఆ దారి మలుపు, మలుపు దగ్గర నేల పల్లంలోకి దిగడం, అవతల గట్టు లేవడం, అన్నీ నా కాళ్ళకు తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట ఇక్కడ ఇల్లు ఒక్కటే ఉండేది. ఆ ఇంట్లో నేను పనిచేశాను.

పాస్టరు గారి ప్రార్థన అయింది. బిర్యానీ వడ్డించారు. నేను పళ్ళెం పట్టుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. గట్టు నున్నగా, పచ్చగా ఉంది. దాని మీద పిల్లలు అట్టముక్కలు వేసుకుని జారుతున్నారు. "ఏంటాంటీ, ఏం తినట్లేదు? ఉప్పెక్కువైందా?" అంటూ ప్రసన్న వచ్చింది. "లేదమ్మా, బాగా కుదిరింది," అన్నాను. "ఆ గట్టు కింద ఏముండేదో మీకేమైనా చెప్పారా?" అని అడిగితే, "గ్రీన్ ఏరియా అన్నారాంటీ, ఇంకేం కట్టరంట. పిల్లలకి బాగుంటదని ఇదే తీసుకున్నాం," అంది సంతోషంగా. కొత్తింట్లో తొలి ముద్ద నోట్లో పెట్టుకోబోతున్న పిల్లతో ఇంకేం చెబుతాను? బాగుందమ్మా అన్నాను. ఇంటికొచ్చాక మాత్రం చెప్పకుండా ఉండలేకపోతున్నాను, అందుకే రాస్తున్నాను.

ఈ దేశం వచ్చేటప్పటికి నేను భర్త పోయినదాన్ని. గుంటూరులో నర్సింగ్ చదివి, అక్కడే ఒక ఆసుపత్రిలో పనిచేస్తుండగా మా ఆయన లారీ కింద పడి చనిపోయాడు. స్నేహకు అప్పటికి మాటలు కూడా సరిగా రాలేదు. దాన్ని బాపట్లలో మా అమ్మ ఒళ్ళో పెట్టి విమానం ఎక్కాను. నర్సుగా ఇక్కడ రిజిస్ట్రేషన్ రావడానికి ఇంకా పరీక్షలు, ఎదురుచూపులు ఉన్నాయి. అది వచ్చేదాకా ముసలివాళ్ళను ఇంట్లో కనిపెట్టుకుని ఉండే పనికి కుదిరాను. అప్పట్లో వర్క్ పర్మిట్ మీద యజమాని పేరే ఉండేది. ఆ మనిషి వద్దంటే ఆ కాగితం పోతుంది, కాగితం పోతే నేనూ పోవాలి. ఆదివారాలు ఫోన్ కార్డు గీకి బాపట్లకు చేసేదాన్ని. "అమ్మ మాట్లాడుద్దంట, రావే," అని మా అమ్మ బతిమాలుతుంటే, అవతల చెప్పులు టపటపలాడుతూ దూరంగా పరిగెత్తే చప్పుడు వినిపించేది. నా బిడ్డ గొంతుకన్నా దాని చెప్పుల చప్పుడే ఆ రోజుల్లో నేను ఎక్కువ విన్నాను.

నేను చూసుకోవలసిన ఆయన పేరు ఆర్థర్ పెల్. ఇంగ్లండు వాడు. యుద్ధం అయ్యాక ఐర్లండు వచ్చి, బ్రైడీ అనే ఇక్కడి ఆవిడను పెళ్ళి చేసుకుని, ఆ పొలంలోనే ఉండిపోయాడు. నేను వెళ్ళేటప్పటికి బ్రైడీ గారు పోయి కొన్నాళ్ళయింది. కూతురు ఊనా డబ్లిన్‌లో మందుల షాపు నడుపుకుంటూ ఆదివారాలు వచ్చి పోయేది. పెల్ గారికి ఎనభై దాటాయి. మనిషి సన్నగా, నిటారుగా ఉండేవారు. ఇంట్లో ఎప్పుడూ పీట్ పొగ వాసన. ఇక్కడ బురద నేలల్లోంచి మట్టిని ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో కాలుస్తారు, దాని వాసన అది. ఆ పొగలో ఉడికిన క్యాబేజీ వాసన, బూట్ పాలిష్ వాసన, గోడ అల్మరాలో బ్రైడీ గారు ఎప్పుడో పెట్టిన లావెండర్ సంచుల వాసన కలిసిపోయి ఉండేవి. అల్మరాను ఇక్కడ ప్రెస్ అంటారని తెలియక, మొదటి రోజు ఆయన "ప్రెస్‌లో కప్పులున్నాయి" అంటే, ఇస్త్రీపెట్టె కోసం వెతికాను. అది చూసి ఆయన నవ్వారు. ఆయన నవ్వడం నేను చూసింది చాలా తక్కువ.

ఆయన అలవాట్లు చిత్రంగా ఉండేవి. పొద్దున్నే ఉప్పు వేసిన ఓట్స్ గంజి తాగి, బూట్లు తుడుచుకుని, పొలం చుట్టి వచ్చేవారు. అయితే నిన్న నడిచిన చోట ఇవాళ నడిచేవారు కాదు. రోజూ ఒకే చోట నడిస్తే గడ్డి నలిగి బాట పడుతుందని, తను ఎటు వెళ్ళాడో నేల ఎవరికీ చెప్పకూడదని ఆయన పట్టుదల. కూర్చుంటే వీపు గోడకు ఆనాలి, కిటికీకి ఎదురుగా మాత్రం కూర్చోరు. చెక్కనేల మీద నేను నడిస్తే ఇల్లంతా కిర్రుమనేది. ఆయన నా వెనకే వచ్చి నిలబడ్డా తెలిసేది కాదు. ముసలితనపు చాదస్తం అనుకున్నాను. ఊనా కూడా, "నాన్న ఎప్పుడూ అంతే, సూ. మా చిన్నప్పుడు ముద్దు పెట్టుకోవాలన్నా ముందు చప్పుడు చెయ్యాలి," అంది. నా పేరు సుగుణ. వాళ్ళకు నోరు తిరగక సూ అయింది.

ఒక మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర ఇద్దరం బంగాళాదుంపలు తొక్క తీస్తున్నాం. వాన పడుతోంది. ఆ మధ్యే ఆయన పొలంలో చాలాభాగం ఇళ్ళు కట్టేవాళ్ళకు అమ్మేశారు. అవతల మట్టి తవ్వే యంత్రాలు దిగాయి. అవి కదిలినప్పుడల్లా ప్రెస్‌లో కప్పులు గలగలమనేవి. అప్పుడు ఆయన, తల ఎత్తకుండా, "నీది ఈ ఊరూ కాదు, ఆ ఊరూ కాదు. నీకు చెబితే ఎవరికి చేరుతుందిలే," అన్నారు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచేవి, కానీ నా చెవిలో అవి తెలుగులోనే మిగిలాయి.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో ఆయన దక్షిణ ఇంగ్లండులో ఒక పల్లెటూళ్ళో పొలం పనిచేసే కుర్రవాడు. సముద్రానికి అవతల దేశాలన్నీ జర్మన్ల చేతికి పోయాయి. ఇవాళో రేపో పడవల్లో దిగుతారని అందరూ గుండెలు బిగబట్టుకుని ఉన్నారు. అప్పుడు ఎక్కడినుంచో ఒక ఆఫీసరు వచ్చి, గడ్డి దాచే కొట్టంలో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడాడట. అడవి చీకట్లో ఎంత బాగా తెలుసు, నోరు ఎంత గట్టిది, ఇవే ప్రశ్నలు. నలుగురిని ఎంచుకున్నాడు. అడవిని కాపలా కాసేవాడు, కమ్మరి, ఈయన, ఈయన స్నేహితుడు టామ్. అడవిలో చెట్ల వేళ్ళ కింద గది తవ్వారు. పైన మూతకు మట్టి, ఆకులు కప్పితే దాని మీద నిలబడినా తెలియదు. లోపల పడుకునేందుకు చెక్కబల్లలు, తిండి డబ్బాలు, పేలుడు సామాను. శత్రువు దిగితే వీళ్ళు ఇంట్లో చెప్పకుండా మాయమై ఆ గదిలోకి పోవాలి. సైన్యం తలమీదుగా ముందుకు పోయాక వెనకనుంచి పైకొచ్చి వంతెనలు కూల్చాలి, సామాను తగలబెట్టాలి. ఎన్నాళ్ళు అని టామ్ అడిగితే, మీరు రెండు వారాలు బతికితే చాలు అన్నాడట ఆఫీసరు. తరవాతి సంగతి ఎవరూ అడగలేదు. ఇలాంటి గుంపులు దేశంలో చాలా ఉన్నాయని కూడా వీళ్ళకు తెలియదు. తల్లికి, పెళ్ళానికి, పాదిరికి, ఎవరికీ నోరు విప్పనని ప్రమాణం చేయించుకున్నారు.

"అక్కడితో అయిపోతే బాగుండేది," అన్నారు పెల్ గారు. ఊళ్ళో బడి నడిపే టీచరమ్మ ఒకావిడ ఉండేది, మిస్ వార్డ్. పెళ్ళి చేసుకోలేదు. ఈయనకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. చలికాలంలో చేతులు కొంకర్లు పోతే తన చేతుల మధ్య పెట్టుకుని వెచ్చచేసి, మళ్ళీ పలక ఇచ్చేదట. ఒకరోజు బడిపిల్లల కోసం పూలు కోయడానికి అడవిలోకి వచ్చింది. అదే సమయానికి మూత తెరిచి ఉంది, ఈయన సగం పైకి వచ్చి ఉన్నారు. ఆవిడ చూసింది. చూసి, చిన్నగా నవ్వి, ఏమీ చూడనట్టు తిరిగి వెళ్ళిపోయింది. టామ్ ఆ సంగతి ఆఫీసరుకు చెప్పాడు. చెప్పక తప్పదు, అది నియమం. ఆఫీసరు గొంతు పెంచలేదు. "వాళ్ళొస్తే ముందు ఊళ్ళో పెద్దమనుషులనే పట్టుకుని అడుగుతారు. ఆవిడ మంచిమనిషి. మంచివాళ్ళు దెబ్బలకు ఎక్కువసేపు ఆగలేరు. కాబట్టి మీరు గదిలోకి దిగేముందు ఆవిడ సంగతి చూడాలి. ఆవిడ ఇంటికి దగ్గరగా ఉండేదెవరు?" అన్నాడు.

"నేనే," అన్నారు పెల్ గారు. కత్తి దుంప మీద ఆగింది. "నా ఇల్లే దగ్గర. సరే సార్ అన్నాను."

వాళ్ళు రాలేదు కదా అన్నాను. రాలేదు అన్నారు. నేను ఊరుకోవలసింది, కానీ అడిగేశాను. "వచ్చి ఉంటే? చేసేవారా?"

ఆయన దుంపలోని నల్లమచ్చ చెక్కి తీసి, నీళ్ళలో వేశారు. "అరవై ఏళ్ళ నుంచి అదే అడుగుతున్నాను. కొన్ని రోజులు లేదనిపిస్తుంది. చాలా రోజులు చేసేవాణ్ణే అనిపిస్తుంది."

ఆయన అన్న విల్ సైన్యంలో చేరి ఎడారిలో ఎక్కడో చనిపోయాడు. ఈయన పొలంలో కనిపిస్తూ తిరుగుతుంటే ఊరు ఊరంతా పిరికివాడంది. తల్లి ఏమీ అనలేదట. కంచం తెచ్చి ముందు పెట్టేది, మొహం చూసేది కాదు. ఒక్కసారే, విల్ కబురు వచ్చిన వారానికి కాబోలు, పొయ్యి వైపు తిరిగి, "దాక్కున్నవాడే మిగిలాడు," అంది. చెప్పడానికి మాట ఉంది, కానీ ప్రమాణం అడ్డం ఉంది. తల్లి అలాగే అనుకుంటూ పోయింది. అంతకన్నా కష్టం మిస్ వార్డ్ అన్నారాయన. ఊళ్ళో ఈయనను చూసి మునుపటిలాగే నవ్విన మనిషి ఆవిడ ఒక్కతే. "తిట్టినవాళ్ళతో బతకొచ్చు, సూ. ఆవిడ నవ్వుతో బతకలేకపోయాను." ఐర్లండు ఆ యుద్ధంలో చేరలేదు. ఇక్కడ దాన్ని యుద్ధమని కూడా అనేవాళ్ళు కాదు, ఎమర్జెన్సీ అనేవాళ్ళు. యుద్ధంలో ఏం చేశావు అని ఎవరూ అడగని దేశమని ఈయన ఓడ ఎక్కి వచ్చేశారు. బ్రైడీ గారికి కూడా చెప్పలేదు.

నేను ఆయనను ఓదార్చలేదు. పొయ్యి మీద కుండ పెట్టాను. ఆ రాత్రి పరలోక ప్రార్థన చెప్పుకుంటుంటే మధ్యలో మాటలు ఆగిపోయాయి.

ఆ తరవాత ఆయన మనసు వేగంగా చెదిరిపోవడం మొదలైంది. యంత్రాలు దగ్గరికొచ్చేకొద్దీ నేల వణికేది. ఆయన తింటున్నవారు తింటున్నట్టే ఆగి, "వచ్చేశారా?" అనేవారు. ఇళ్ళు కడుతున్నారండీ అంటే తల ఊపి, కాసేపటికి మళ్ళీ అడిగేవారు. రొట్టెముక్కలు కోటు జేబుల్లో దొరికేవి. జీపీ, అదే ఊరి డాక్టరు, వచ్చి నిద్రమాత్రలు రాసిపోయాడు. ఊనా నన్ను పక్కకు పిలిచి, "ఇలా అయితే నర్సింగ్ హోమ్‌లో పెట్టక తప్పదు, సూ. నీ మీద ఇంత బరువు పెట్టలేను," అంది. మంచితనంతోనే అంది. నాకు మాత్రం పర్మిట్ కాగితం, బాపట్ల, పరిగెత్తే చెప్పుల చప్పుడు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇంకొన్నాళ్ళు చూద్దాం మేడం, నేను చూసుకుంటాను అని బతిమాలాను. నిద్ర మానేసి ఆయన తలుపు బయట కుర్చీలో కూర్చునేదాన్ని.

ఒకరోజు వాన తెరిపిచ్చింది. బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి పొయ్యి దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. కోటు లేదు, బూట్లు లేవు. ఆపిల్ కొమ్మలు కత్తిరించే వంకీకత్తి మేకుకు లేదు. పిలిచాను. కొట్టంలో చూశాను, బావి దగ్గర చూశాను. ఊనాకు ఫోన్ చేశాను, ఆమె గార్డులకు చేసింది. ఇక్కడ పోలీసులను గార్డులంటారు. ఇరుగుపొరుగు రైతులు కుక్కలతో వచ్చారు. ఎవరికో పొలం అవతలి కాలువ ఒడ్డున ఆయన టోపీ దొరికింది. అంతే, అందరూ కాలువ వైపే పోయారు. ఒక యువ గార్డు నన్ను ఆపి, "ఆయన్ని ఒంటరిగా వదిలేశారా?" అన్నాడు. కోపంగా ఏం అనలేదు. బట్టలు ఆరేస్తున్నానండీ అన్నాను. నీళ్ళలో కర్రలు పెట్టి వెతుకుతున్నారు. నేను చూడలేక వెనక్కి నడిచాను. ఏడుస్తూ, ఆయన పేరు పిలుస్తూ, అమ్మేసిన పొలంలోకి పోయాను. ఎటు పోతున్నానో నాకే తెలియదు.

గట్టు దగ్గరికి వచ్చేసరికి నేల కిందనుంచి దగ్గు వినిపించింది. ఆ దగ్గు నాకు తెలుసు. రోజూ వినే దగ్గు. ఆ గట్టు కింద పాతకాలం జమీందారుల మంచుగది ఒకటి ఉంది. చలికాలంలో చెరువు మీది మంచు పగలగొట్టి, ఎండాకాలానికి దాచుకోవడానికి ఇటుకలతో కట్టిన గొయ్యి. వాకిలి ముళ్ళపొదలతో మూసుకుపోయి ఉండేది. అటు చూస్తే గట్టు వాలు మీదుగా పొక్లెయిన్ పైకి వస్తోంది. వెతుకులాట సంగతి ఆ డ్రైవరుకు తెలియదు. గట్టును చదును చెయ్యమని చెప్పారు, చేస్తున్నాడు. దాని బకెట్ ఎత్తగానే మట్టి పెళ్ళలు విరిగి పడ్డాయి. నేను ఎదురుగా పరిగెత్తాను. "ఆపండయ్యా! ఆపండి! లోపల మనిషున్నాడు!" అని అరిచాను. తెలుగులోనే అరిచానని తరవాత తెలిసింది. ఆ అబ్బాయికి మాట అర్థం కాకపోయినా రెండు చేతులు చాచి అడ్డంగా నిలబడ్డ మనిషి అర్థమైంది. ఇంజిన్ ఆగింది. ఊనాను పిలవమని అతన్ని కాలువ వైపు పంపించి, నేను ముళ్ళు తప్పించుకుని, పొట్ట మీద పాకుతూ లోపలికి పోయాను.

లోపల తడి ఇటుకల వాసన. కాసేపటికి కళ్ళు అలవాటుపడ్డాయి. ఆయన గోడకు వీపు ఆనించి కూర్చున్నారు. పక్కన రొట్టెముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. చేతిలో వంకీకత్తి ఉంది. నన్ను చూసి ఆయన మొహం పాలిపోయింది.

"మిస్ వార్డ్," అన్నారు. "మీరిక్కడికి ఎందుకొచ్చారు?"

నేను సూని అని చెప్పబోయాను. ఆ కళ్ళు చూసి ఆగిపోయాను.

"నేనేమీ చూడలేదు," అన్నాను.

"చూశారు. ఆ రోజు చూశారు, చూసి నవ్వారు. ఎందుకు నవ్వారు మిస్? పైన వినబడుతోందా? వచ్చేశారు వాళ్ళు. నాకో పని అప్పజెప్పారు. నేను సరే అన్నాను." చప్పుడు లేకుండా దగ్గరికి జరిగారు. ఎనభై ఏళ్ళ మనిషే, అయినా ఆ గుహలో నేను వెనక్కి తిరిగే చోటు లేదు. "నాకు చిన్నపిల్ల ఉందండీ," అన్నాను తెలుగులో. ఎవరితో అన్నానో తెలియదు, దేవుడితోనేమో. ఆయన ఏడుస్తున్నారు. కన్నీళ్ళు గడ్డం మీదుగా కారుతున్నాయి. కత్తి మాత్రం దించలేదు. అప్పుడు ఆయన ఒక్కసారిగా గొంతు తగ్గించి, ఆత్రంగా, "మీకు వేల్స్‌లో అక్క ఉందిగా? వెళ్ళిపోండి మిస్. ఇవాళే. ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోండి," అన్నారు.

ఆ మాట పట్టుకున్నాను. "ఒక్కదాన్నే పోవాలంటే భయంగా ఉంది ఆర్థర్. స్టేషన్ దాకా తోడు వస్తావా?" అన్నాను. అప్పటిదాకా ఆయనను పేరుతో పిలవలేదు నేను.

"నేను చోటు వదలకూడదు మిస్. వదిలితే మావాళ్ళు..."

"ఒక్కదాన్నే పోతే వాళ్ళు నన్ను దారిలో పట్టుకుంటారు."

ఆయన కత్తి వైపు చూశారు, వాకిలి వైపు చూశారు. అంత బాధ ఒక మనిషి మొహంలో నేను ఆసుపత్రుల్లో కూడా చూడలేదు. తరవాత కత్తిని నేల మీద పెట్టి, దాని మీద మట్టి కప్పి, "నా వెనకే రండి. నేను అడుగేసిన చోట వెయ్యకండి," అన్నారు.

బయటికి వచ్చేసరికి వాకిలి పక్కన ఊనా మోకాళ్ళ మీద ఉంది. అంతా విన్నదని ఆమె మొహమే చెప్పింది. తండ్రి కూతుర్ని గుర్తుపట్టలేదు. సూటిగా చూసి, "ఈవిడ వాళ్ళ అక్క దగ్గరికి వెళ్తోంది. నువ్వెవరినీ చూడలేదు, అర్థమైందా?" అన్నారు.

ఊనా లేచి నిలబడింది. "నేనెవరినీ చూడలేదు సార్," అంది.

పొలానికి అడ్డంగా, ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరుగుతూ, ఆయన నా మోచెయ్యి పట్టుకుని నడిపించారు. యంత్రం నడిపే అబ్బాయి నెత్తిమీది టోపీ తీసి నిలబడ్డాడు. వెనక గుమ్మం దగ్గరికి రాగానే, స్టేషన్ వచ్చింది ఆర్థర్ అన్నాను. ఆయన నా చేతులు రెండూ తన చేతుల మధ్య పెట్టుకుని కాసేపు ఉంచి, గుమ్మంలోనే కూలబడిపోయారు.

న్యుమోనియా వచ్చింది. ఆసుపత్రిలో ఒక పొద్దున కళ్ళు తేటగా తెరిచి, "ఆవిడ వెళ్ళిపోయిందా?" అని అడిగారు. వెళ్ళిపోయారండీ, క్షేమంగా వెళ్ళిపోయారు అన్నాను. ఆ మాటతో ఆయన ప్రాణం కుదుటపడుతుందని ఎంత ఆశపడ్డానో. ఆయన నా వైపే చూస్తూ, "అయితే టామ్ చచ్చిపోతాడు. నేను వదిలేశాను గనక ముగ్గురూ పట్టుబడతారు," అన్నారు. ఇక ఆ ముగ్గురి పేర్లే. ఊనా తండ్రి తల నిమురుతూ, "నాన్నా, యుద్ధం ఎప్పుడో అయిపోయింది. ఎవరూ రాలేదు," అంటే, ఆయన భయంగా ఆమె చెయ్యి తోసేసి, "అలా చెప్పమన్నారా నీకు?" అన్నారు. ఆ భయంలోనే పోయారు. నేను ఎందరి పక్కనో కూర్చుని సాగనంపాను, తరవాత ఇన్నేళ్ళలో. ఏ దారీ మిగలకుండా పోయినవాడు ఆయన ఒక్కడే.

సమాధి కార్యక్రమం తరవాత ఊరివాళ్ళు శాండ్‌విచ్‌లు పట్టుకుని ఇంటికి వచ్చారు. "నెమ్మదైన మనిషి, ఒకరి జోలికి పోయినవాడు కాదు," అన్నారు. ఊనా టీ పోస్తూ తల ఊపింది. అందరూ వెళ్ళాక ఇద్దరం పొయ్యి దగ్గర కూర్చున్నాం. దుంపలు తొక్క తీసిన రోజు ఆయన చెప్పిందంతా అప్పుడు ఆమెకు చెప్పాను. "మా అమ్మ నలభై ఏళ్ళు ఆయన పక్కన పడుకుంది, సూ," అంది, అంతే. మిగిలిన నేల, ఇల్లు కూడా అమ్ముడుపోయాయి. కొంతకాలానికి ఆ బిల్డర్లు చేతులెత్తేస్తే, సగం లేచిన గోడల మధ్య ఏళ్ళ తరబడి పిచ్చిమొక్కలు పెరిగాయని విన్నాను. ఊనా తనకు తెలిసినవాళ్ళను పట్టుకుని డబ్లిన్ పక్కనే క్లాండాల్కిన్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో నాకు పని ఇప్పించింది. రిజిస్ట్రేషన్ వచ్చింది. స్నేహను తెచ్చుకున్నాను. తీసుకురావడానికి వెళ్ళినప్పుడు విమానాశ్రయంలో అది నన్ను చూసి, మా అమ్మ చీర కుచ్చిళ్ళ వెనక దాక్కుని, "ఆంటీ" అంది. ఆ పిలుపును అమ్మగా మార్చడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆ రోజుల్లో మనసులో మాట చెప్పకపోవడమే మర్యాద. మా ఇంట్లోనూ అంతే, పెల్ గారి ఇంట్లోనూ అంతే. ఇప్పుడు మా స్నేహ, దాని స్నేహితులు, మనసులో ఏదైనా ఉంటే ఫోన్‌లో అందరికీ పెట్టేస్తారు, మధ్యాహ్నానికి మరిచిపోతారు. మొదట్లో నాకది చులకనగా అనిపించేది. ఇప్పుడు అనిపించడం లేదు. నోరు మూసుకుని అరవై ఏళ్ళు మోసిన మనిషిని చూశాను. అలా మొయ్యడంలో గొప్పతనం ఏదీ నాకు కనబడలేదు. గడ్డి కొట్టంలో కూర్చుని గొంతు పెంచకుండా అడిగిన ఆఫీసరు, అవసరం తీరాక ఇంటికి పోయి ఉంటాడు. అడిగించుకున్నవాడు మాత్రం పోలేకపోయాడు.

ఊనా తండ్రి పోయిన కొన్నేళ్ళకు ఒక్కతే ఇంగ్లండులోని ఆ ఊరు వెళ్ళింది. అడవి చాలావరకు పోయింది. గది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మిస్ వార్డ్ పోయి చాలా కాలమైంది, తొంభై దాకా బతికిందట. ఆవిడ మేనకోడలు ముసలావిడ ఒకతె బడి పక్కనే ఉంటే, ఊనా వెళ్ళి తలుపు తట్టి, ఆర్థర్ పెల్ కూతుర్నని చెప్పుకుంది. ఆవిడ లోపలికి పిలిచి, కేక్ కోసి, టీ ఇచ్చి, చాలాసేపు ఊనా మొహంలోకి చూసి అందట:

"మీ నాన్న గురించి మా అత్తయ్య పోయేదాకా అడుగుతూనే ఉండేదమ్మా. 'చిన్నప్పుడు నా దగ్గర ఎంత చనువుగా ఉండేవాడో, యుద్ధం రోజుల నుంచి నన్ను చూస్తే వీధి దాటి అవతలికి పోయేవాడు, ఊరు వదిలేటప్పుడు కూడా చెప్పి పోలేదు, నేను ఆ పిల్లవాడి మనసు ఎక్కడ నొప్పించానో ఏమో' అనేది. మీ నాన్న ఎప్పుడైనా చెప్పాడా? మా అత్తయ్య ఆయన్ని ఏం చేసింది?"

ఊనా ఈ సంగతి నాకు ఫోన్‌లో చెప్పింది. మీరేం చెప్పారు అని అడిగాను.

"ఏం చెప్పను, సూ? చాలా మంచి టీచరు అనేవాడని చెప్పాను," అంది. "ఆవిడ ఇంకా ఏదైనా చెబుతానేమోనని చూస్తూనే ఉంది. నేను టీ తాగేసి వచ్చేశాను."